పొగ రంగు నిర్ధారణ సంఘం

మా పశుసంవర్ధక శాఖలో బండి చెడిపోతే వెంటనే బానెట్ ఎత్తి లోపల ఏమైందో చూసే దురలవాటు చాలాకాలం ఉండేది. దాన్ని మాన్పించిన ఘనత మా జిల్లా సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావుగారిది. ఆయన రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్లి వచ్చారు. సమస్యలోకి తొందరపడి తొంగిచూడకూడదని, ముందు దాన్ని బయటినుంచి సమగ్రంగా అవగాహన చేసుకోవాలని అక్కడెవరో చెప్పారట. ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది. రాగానే 'శాస్త్రీయ వాహన రోగ నిర్ధారణ విధానం' పేరుతో ఒక ఉత్తర్వు జారీ చేశారు.

ఉత్తర్వు సారాంశం ఇది. బండి పొగ వదిలితే ముందు ఆ పొగ రంగు అధికారికంగా తేలాలి. నల్ల పొగ అయితే ఇంధన విభాగం చూసుకుంటుంది. నీలి పొగ అయితే ఇంజిన్ ఆయిల్ చూసే కందెనల విభాగం. తెల్ల పొగ అయితే శీతలీకరణ విభాగం. రంగు తేలేదాకా బానెట్ ఎత్తకూడదు. ఎత్తితే సాక్ష్యాన్ని చెరిపినట్టు లెక్క. పక్క మండలంలో ఒక డ్రైవరు ఎండలో రేడియేటర్‌కు నీళ్లు పోయడానికి బానెట్ ఎత్తి సస్పెండయ్యాడు. ఆ తర్వాత జిల్లాలో ఏ బండి బానెట్టూ పైకి లేవలేదు.

నేను రాళ్లకుంట పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. మా డాక్టర్ హైమావతిగారు. వయసులో నాకంటే చిన్న, పనిలో చాలా పెద్ద. మాకొక డీజిల్ పికప్పు ఉంది. దాని వెనక టీకాలు చల్లగా ఉంచే పెట్టెను బోల్టులతో బిగించారు. డ్రైవరు ఖాదర్‌వలీ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆ బండిని కన్నబిడ్డలా చూసుకుంటాడు గానీ బిడ్డకు కడుపునొప్పి వస్తే పొట్ట తడిమి చూసే అధికారం మాత్రం ఆయనకు లేదు.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. వానలతోపాటు చిన్న చిన్న ఈగలు లేచాయి. ఆ ఈగలతో గొర్రెలకు నీలి నాలుక జబ్బు దిగింది. ఇది వస్తే మూతి వాచి, నాలుక నీలంగా మారి, మేత మానేసి గొర్రె పడిపోతుంది. జబ్బు తగలని వాటికి ముందే టీకా వేస్తే మంద నిలుస్తుంది. కొండమీద గొర్లదిన్నెలో కాపర్లు మందలను దొడ్లలో నిలిపి మాకోసం ఎదురు చూస్తున్నారని కబురొచ్చింది. పెట్టె నిండా టీకాలతో బయలుదేరాం.

కొండ సగం ఎక్కేసరికి బానెట్ కింద టప్పుమని శబ్దం వచ్చింది. ఆ వెంటనే బుస్సుమని గాలి. ఖాదర్‌వలీ ఎక్సిలేటర్ ఎంత తొక్కినా బండి ముందుకు లాగలేదు. వెనక్కి తిరిగి చూస్తే దారి కనబడలేదు. తడిసిన వంటచెరకు మండిస్తే వచ్చేంత పొగ, కాటుక నలుపు.

"దిగి చూడు ఖాదర్" అన్నారు డాక్టరుగారు.

ఖాదర్‌వలీ దిగాడు. బానెట్ ముందు నిలబడ్డాడు. చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"మేడమ్, పొగొచ్చిన బండి బానెట్ ఎత్తితే నా పెన్షన్ పోతాది. మీరే జెప్పండి, ఎత్తమంటే ఎత్తుతా. రేపు మీ ఉద్యోగమూ పోతాది."

పైన కొండమీద గొర్రెలు అరుస్తున్నాయి, ఆ అరుపు మాదాకా వినిపిస్తోంది. మొదటి గేరులో ఈసురోమంటూ బండిని కిందికి దించాం.

జిల్లా కార్యాలయానికి ఫోను చేస్తే త్రివిక్రమరావుగారు ఎంతో సంతోషించారు. తన విధానం కింద వచ్చిన మొదటి పొగ కేసు ఇదే.

"బండిని స్టార్ట్ చేయవద్దు డాక్టర్. పొగ వృథా అవుతుంది. నిర్ధారణకు ముందే పొగంతా వెలువడిపోతే సంఘం ఏం పరిశీలిస్తుంది? యథాతథ స్థితిలో ఇక్కడికి తరలించండి."

"సార్, గొర్లదిన్నెలో జబ్బు మొదలైంది. ఐసు పెట్టెలో టీకాలు పెట్టుకుని ఆటోలో వెళ్లొస్తాను."

"అమ్మా, ఉత్తర్వులో నాలుగో పేరా మరొకసారి చదవండి. టీకా, శీతల పేటిక, వాహనం మూడూ కలిసి ఒకే సంచార యూనిట్. రోగిని ఆసుపత్రిలో చేర్చి చేతిని ఒక ఊరికి, కాలిని ఒక ఊరికి పంపుతామా?"

డాక్టరుగారు ఫోను పెట్టేశారు. మర్నాడు బండిని ట్రాక్టరుకు కట్టి జిల్లా కార్యాలయానికి లాక్కెళ్లాం. అక్కడ శీతల పేటికను కరెంటు ప్లగ్గుకు తగిలించాం. టీకాలు చెడిపోకుండా చేసే ఆ పని ఒక్కటి ఏ నిబంధనకూ అడ్డు రాకపోవడం మా అదృష్టం.

పొగ రంగు నిర్ధారణ సంఘానికి త్రివిక్రమరావుగారు అధ్యక్షులు. కార్యాలయ సూపరింటెండెంట్ సభ్యుడు. రంగుల విషయం కాబట్టి నిపుణుడు ఉండాలని ఉన్నత పాఠశాల డ్రాయింగ్ మాస్టారు ప్రభుదాసును కూడా వేసుకున్నారు. ఆయన తెల్లచొక్కా వేసుకుని కుంచె, రంగుల పెట్టెతో వచ్చాడు. సైలెన్సర్ గొట్టం వెనక వరుసగా కుర్చీలు వేశారు. ఖాదర్‌వలీ బండి స్టార్ట్ చేసి గట్టిగా రేస్ చేశాడు.

పొగ తగ్గాక చూస్తే సంఘం మొత్తం ఒకే రంగులో ఉంది.

"నలుపు సార్" అన్నాడు ప్రభుదాసు, చొక్కా చూసుకుంటూ. "సందేహమే లేదు."

సూపరింటెండెంట్ దగ్గాడు. "సార్, నలుపంటే ఇంధన విభాగం. ఆ సీటు ఖాళీగా ఉంది. కిందటేడు రిటైరైనాయన స్థానంలో ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. నలుపని రాస్తే ఫైలు ఎవరి బల్లమీద పెట్టాలి?"

త్రివిక్రమరావుగారు గంభీరంగా ఆలోచించారు. "అయితే నలుపు పరిపాలనాపరంగా సాధ్యం కాదు. కందెనల విభాగంలో అధికారి ఉన్నాడా?"

"ఉన్నాడు సార్. పని లేకుండా ఉన్నాడు."

"మాస్టారూ, కళాకారులు మీరు. ఆ నలుపులో ఎక్కడా నీలిమ గోచరించలేదా?"

ప్రభుదాసు ఇబ్బందిగా కదిలాడు. ఆయన బదిలీ త్రివిక్రమరావుగారి బావమరిది చేతిలో ఉందని ఊరందరికీ తెలుసు. "సిద్ధాంతం ప్రకారం చూస్తే సార్, నల్లరంగులో కొంచెం నీలం కలుస్తుంది. మేం కూడా పిల్లలకి అట్లనే చెప్తాం."

"చాలు" అన్నారు త్రివిక్రమరావుగారు. "నీలి ఛాయ అని రాయండి."

ఈలోగా గొర్లదిన్నె నుంచి సుంకులమ్మ ఆసుపత్రికి వచ్చింది. కొండమీద పెద్ద మంద ఆమెదే. మొగుడు పోయాక మందను ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. నెత్తిన కంబళి, చేతిలో కట్టె, మాటకు ముందు కోపం.

"డాక్టరమ్మా, వస్తామని చెప్పి రాకపోతే ఎట్ల? ఆ పొద్దంతా గొర్లను దొడ్డిలోనే పెట్టుకోని కూచున్యాం. మేత లేక అరిసినాయి. నా పెద్ద పొట్టేలు మూతి వాసి నీళ్లు గూడా తాగల్యా. రాత్రికి పాయె. ఇంగో నాలుగు పడుకోని ఉండాయి."

డాక్టరుగారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు. చెప్పడానికి డాక్టరుగారి దగ్గర ఉన్నది ఒకటే మాట, అది చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. "బండి చెడిపోయిందమ్మా. టీకాల పెట్టెతో సహా జిల్లా ఆఫీసులో ఉంది. ఏం చెడిపోయిందో తేల్చాలంటున్నారు."

"ఏం జెడిపోయిందో తెలుసుకోవాలంటే ఇప్పి చూడల్ల గదా?"

నేను తల దించుకున్నాను. ఖాదర్‌వలీ బయటికి వెళ్లిపోయాడు.

"ఇప్పకూడదంటమ్మా" అన్నారు డాక్టరుగారు.

సుంకులమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తిట్టడానికి వచ్చిన మనిషి తిట్టకుండానే లేచింది. జబ్బు పడ్డ గొర్రెలకు తాగించడానికి మందు కట్టిస్తే కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

రంగు నిర్ధారణ నివేదిక రాజధానికి వెళ్లింది. 'రాళ్లకుంట సంచార యూనిట్‌లో నీలి లక్షణాలు కనుగొనబడినవి' అని అందులో ఉంది. అక్కడ అది కందెనల విభాగానికి బదులు రోగాల విభాగానికి చేరింది. అది నీలి నాలుక కాలం కాబట్టి వాళ్లు ఆలస్యం చెయ్యలేదు. ఆ సాయంత్రానికే ఆజ్ఞలు దిగాయి. సదరు యూనిట్‌ను ఇతర యూనిట్ల నుంచి వేరు చెయ్యాలి. చుట్టూ తాడు కట్టాలి. సున్నం చల్లాలి. గొర్రెలను దరిచేరనివ్వకూడదు. నాలుక పరిశీలించి, రక్త నమూనా పంపాలి.

ఇది చదివి త్రివిక్రమరావుగారు ఒక్క క్షణం తటపటాయించారు. ఆ క్షణంలో ఆయన ఫోను తీసి 'ఇది బండి సార్' అని చెప్పివుంటే కథ అక్కడితో ముగిసేది. కానీ పైనుంచి వచ్చిన ఆజ్ఞను సరిదిద్దడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు.

"తాడు కట్టండి" అన్నారు.

కట్టాం. సున్నం చల్లాం. నాలుక దగ్గర కొంత చర్చ జరిగింది. చివరికి డ్రైవరు సీటు కింది రబ్బరు పట్టాను పరిశీలించి 'వాపు లేదు' అని రాశారు. రక్తం కోసం ఖాదర్‌వలీ ట్యాంకులోంచి సీసాలో డీజిల్ పట్టాడు. సీసా మీద చీటీ అంటించేటప్పుడు నావైపు తిరిగి, "చెన్నకేశవులూ, దీనికి వయసు ఏమని రాయల్ల?" అని అడిగాడు. ఆయన నవ్వడం లేదు. నేనూ నవ్వలేదు. వయసు రాశాం. లింగం అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలేశాం.

ప్రయోగశాల నుంచి జవాబు వచ్చింది. నమూనాలో నీలి నాలుక క్రిములు లేవు, అయితే రోగి రక్తంలో కొవ్వు శాతం ప్రమాదకర స్థాయిలో ఉంది.

నీలి కాదని సాక్షాత్తూ ప్రయోగశాల తేల్చాక నీలి ఛాయ నిలవదు. నలుపుకు సీటు ఖాళీ. అందుకని సంఘం రెండో సమావేశం పెట్టారు. ఈసారి తెలుపును పరిశీలించాలని ఎజెండా. ప్రభుదాసు ఈసారి నల్లచొక్కా వేసుకుని వచ్చాడు.

ఖాదర్‌వలీ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. పొగ లేచింది. ఆ పొగలోంచి మొదట ఒక అరుపు వినిపించింది. తర్వాత ఇంకొకటి. తర్వాత కార్యాలయం గేటు మొత్తం అరుపులే అయింది.

సుంకులమ్మ మందను తోలుకొచ్చింది. ఆమె వెనక గొర్లదిన్నె కాపర్లందరూ తమ తమ మందలతో ఉన్నారు. కొండ దిగి, హైవే పక్కగా నడిచి, ఊరి బజారు దాటుకుని వచ్చారు. గొర్రెలు ఆవరణంతా నిండి, మెట్లెక్కి, వరండాలో ఫైళ్లు పెట్టే గదిలోకి కూడా వెళ్లాయి. సూపరింటెండెంట్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"ఏమిటిది? ఎవరు అనుమతించారు?" అన్నారు త్రివిక్రమరావుగారు.

సుంకులమ్మ కట్టె నేలకు ఆనించి నిలబడింది. దూరం నడిచి ఆమె పాదాలు దుమ్ముకొట్టుకుపోయాయి. చంకలో ఒక గొర్రెపిల్ల ఉంది. దాని తల్లి దారిలోనే పడిపోయిందని తర్వాత తెలిసింది.

"మీ బండి మాకాడికి రాదంటిరి గద సామీ. మేమే మీ బండికాడికొస్తిమి. సూది యాడుండాదో ఆడికి గొర్లొచ్చినాయి. ఇంగ యేయండి."

"రోగగ్రస్త యూనిట్ దరికి గొర్రెలను చేర్చరాదని స్పష్టమైన ఆజ్ఞ ఉంది!"

"అది బండి సామీ."

ఆ ఆవరణలో ఇన్నాళ్లలో ఆ మాట పైకి అన్నది ఆమె ఒక్కతే. డాక్టర్ హైమావతిగారు వెళ్లి తాడు విప్పారు. కోయలేదు, విప్పి చుట్టగా చుట్టి సూపరింటెండెంట్ కుర్చీమీద పెట్టారు. శీతల పేటిక మూత తెరిచి, "చెన్నకేశవులూ, సిరంజీలు" అన్నారు.

ఎండ ఎక్కేదాకా, ఎండ దిగేదాకా టీకాలు వేశాం. మొదట మూతులు చూసి జబ్బు పడ్డవాటిని పక్కకు తీశాం. కాపర్లు గొర్రెలను ఒక్కొక్కటిగా పట్టుకొచ్చారు. ఖాదర్‌వలీ వాటి కాళ్లు పట్టుకున్నాడు. ప్రభుదాసు కాసేపు చూసి, చొక్కా చేతులు పైకి మడిచి, టీకా వేసిన ప్రతి గొర్రె వీపు మీద తన కుంచెతో ఎర్రగా ఒక గుర్తు పెట్టసాగాడు. సంఘంలో వేశాక ఆయన చేసిన మొదటి పని అది, ముఖం వెలిగిపోయింది.

త్రివిక్రమరావుగారు వరండాలో నిబంధనల పుస్తకం తిరగేశారు. బండి గొర్రెల దగ్గరికి వెళ్లే విషయంలో బోలెడు నిబంధనలున్నాయి. గొర్రెలు బండి దగ్గరికి రావడం గురించి ఒక్కటీ లేదు.

పని అయ్యాక డాక్టరుగారు చేతులు కడుక్కుని బండి ముందుకు వచ్చారు. "ఖాదర్, పక్కకు జరుగు. నీ పెన్షన్ నీ దగ్గరే ఉండనీ" అని తనే బానెట్ ఎత్తారు.

అందరం తొంగిచూశాం. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం ఊడిపోయి పక్కకు వేలాడుతోంది. దాన్ని పట్టివుంచే ఇనప క్లిప్పు వదులై కిందికి జారింది. కావలసినంత గాలి అందక డీజిల్ సరిగా మండక నల్లగా పొగ వస్తోంది, అంతే. ఇంజిన్ గురించి ఏమీ తెలియని సూపరింటెండెంట్‌కు కూడా అది కనిపించింది. సుంకులమ్మ చంకలో పిల్ల మెడ చాచి ఆ గొట్టాన్ని నాకబోయింది.

"ఊడిపోయిందే!" అన్నాడు ప్రభుదాసు.

త్రివిక్రమరావుగారు చటుక్కున గోడవైపు తిరిగారు. "నేను చూడలేదు. అధ్యక్షుడి హోదాలో నేనేమీ చూడలేదు. సంఘం చూడని లోపం ఇంకా లోపం కాదు."

ఆయన గోడను చూస్తుండగా ఖాదర్‌వలీ గొట్టాన్ని దాని చోట తొడిగి, స్క్రూడ్రైవర్‌తో క్లిప్పు బిగించాడు. బండి స్టార్టయింది. రేస్ చేస్తే గర్జించింది. వెనక పొగ లేదు. ఖాదర్‌వలీ స్టీరింగ్ మీద తల ఆనించాడు.

సుంకులమ్మ ముందుకొచ్చింది. "ఇంతేనా?" అంది. ఆ గొట్టంకేసి, చంకలోని పిల్లకేసి చూసి, మళ్లీ అంది. "ఇంతదానికేనా?"



వారం తిరక్కముందే డాక్టరుగారికి మెమో వచ్చింది. 'విచారణలో ఉన్న పొగను అనధికారికంగా అదృశ్యం చేసినందుకు' సంజాయిషీ అడిగారు. పొగ లేకపోతే రంగు తేలదు, రంగు తేలకపోతే సంఘం నివేదిక పూర్తికాదు. పొగను తక్షణం పూర్వస్థితికి తీసుకురావలసిందిగా కోరారు.

ఆమె ఆ మెమోను రెండుసార్లు చదివారు. మొదటిసారి ముఖం ఎర్రబడింది. రెండోసారి పెదవుల చివర ఏదో కదిలింది. సంజాయిషీ నాచేతే రాయించారు.

'పొగ తొలిసారి కొండమీద టీకాల పెట్టెతో, నిండు బరువుతో ఎక్కుతున్నప్పుడు వెలువడినది. కావున అదే పరిస్థితుల్లో సంఘం ప్రత్యక్షంగా పరిశీలిస్తే తప్ప అది మళ్లీ కనబడే అవకాశం లేదు. పొగ ఏ కొండమీద తిరిగి వెలువడుతుందో ముందుగా చెప్పలేము గనుక మండలంలోని అన్ని కొండ గ్రామాలకూ సంఘం యూనిట్‌తోపాటు పర్యటించవలెనని మనవి.'

త్రివిక్రమరావుగారికి అది ఎంతో శాస్త్రీయంగా తోచింది. ఆమోదించి సంతకం పెట్టారు. డీజిలుకు, టీకాలకు, పర్యటనకు అన్నిటికీ విచారణ పేరుతో అనుమతి వచ్చింది. మామూలుగా అడిగితే ఆ అనుమతులకు మేం వేసవిదాకా తిరిగేవాళ్లం.

ఇప్పుడు మా బండి ప్రతివారం ఏదో ఒక కొండ ఎక్కుతోంది. ఊరు రాగానే ముందు కాపర్లు మందలను తెచ్చి నిలబెడతారు. డాక్టరుగారూ నేనూ టీకాలు వేస్తాం. ప్రభుదాసు ఎర్రరంగు గుర్తులు వేస్తాడు, బడికి సెలవని పిల్లలు చుట్టూ చేరతారు. గొర్లదిన్నెలో సుంకులమ్మ మాకు మజ్జిగ ఇస్తుంది. పోయిన గొర్రెల సంగతి ఎత్తదు. మేమూ ఎత్తం. ఆమె పెంచుతున్న ఆ తల్లిలేని పిల్ల మాత్రం ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి డాక్టరుగారి చీర కొంగు నములుతుంది.

సంఘం పదవీకాలాన్ని మొన్ననే మళ్లీ పొడిగించారు. బండి వెనకాల, సైలెన్సర్ గొట్టానికి సరిగ్గా ఎదురుగా, గొడుగు పట్టుకుని త్రివిక్రమరావుగారు కుర్చీలో కూర్చుని ఉంటారు. కళ్లు చికిలించి చూస్తూ ఉంటారు. అప్పుడప్పుడూ మమ్మల్ని పిలిచి, "ఏమైనా వచ్చిందా?" అని ఆశగా అడుగుతారు.

"ఇంకా రాలేదు సార్" అంటారు డాక్టరుగారు, తర్వాతి గొర్రెను పట్టుకుంటూ. "వచ్చే ఊళ్లో చూద్దాం."